సంతకం పెట్టేశాం, ఇక కేసు లేనట్టేనా?

ప్రశ్న (ఉత్తరం క్లుప్తంగా): మాది అనంతపురం. సెలవుల్లో కుటుంబంతో కూర్గ్ వెళ్లి, మడికేరి దగ్గర ఏటీవీ (నాలుగు చక్రాల బండి) రైడ్‌కు 4,800 రూపాయలు ఫోన్‌పే చేశాను. గైడ్ ముందు, మేం వెనుక. దిగుడులో నా భార్య బండి ఆగక బోల్తా పడింది. కాలర్‌బోన్ విరిగి ఆపరేషన్‌కు 2.3 లక్షలైంది. పడ్డాక గైడ్ తోటివాడితో, ‘బ్రేకు సరిగ్గా లేదని నిన్ననే చెప్పా కదా’ అని కన్నడలో అన్నాడు. నిర్వాహకుడేమో ‘ఫారం మీద సంతకం పెట్టారు, మాకు సంబంధం లేదు’ అంటున్నాడు. మా అబ్బాయి తీసిన వీడియోను ఫోన్ నిండిపోయిందని డిలీట్ చేశాం. 20 నెలలైంది. ఇక్కడే బైకు ప్రమాదం జరిగినట్టు చూపిస్తే ఇన్సూరెన్స్ వస్తుందని స్నేహితుడు చెబుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: పాడైపోయిన సెలవు గురించి మీరు రెండు పేజీలు రాశారు. కేసు నిలబడేది మాత్రం గైడ్ అన్న ఆ ఒక్క మాట మీద. మీ సంతకం ఆటలో మామూలుగా ఉండే ప్రమాదానికి ఒప్పుకోలు. గుంతలో కుదుపుకు ఎగిరి పడితే అది వర్తిస్తుంది. బ్రేకు చెడిందని తెలిసీ ఇచ్చిన బండికి వర్తించదు. అది సేవాలోపం.

ఆ మాట పడ్డాకే విన్నారా, ఎక్కకముందా? బాగా గుర్తుచేసుకోండి. ముందే విని కూడా ఆవిడను ఎక్కనిచ్చి ఉంటే తప్పులో మీకూ వాటా ఉందంటారు, పరిహారం తగ్గవచ్చు. అయినా అఫిడవిట్‌లో జరిగింది జరిగినట్టే రాయండి. ఇంకెవరైనా విన్నారా? మీ అబ్బాయి విని ఉంటే అతని అఫిడవిట్ విడిగా వేయించండి.

మీ అబ్బాయి తీసిన వీడియోను ‘ఫోన్ నిండిపోయిందని డిలీట్ చేశాం’ అని ఎంత తేలిగ్గా రాశారండీ! ఫారం కాపీ కూడా అడగలేదు. ఆ వీడియో మీ బావమరిది ఫోన్‌లోనో, గూగుల్ ఫొటోస్‌లోనో దొరుకుతుందేమో ఈరోజే వెతకండి. దొరికితే ఆ ఫోన్‌ను అలాగే ఉంచండి. వీడియోతో పాటు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే సర్టిఫికెట్ కూడా దాఖలు చేయాలి. తర్వాత డిశ్చార్జి సమ్మరీ తీసి, గాయం ఎలా అయిందని రాశారో చదవండి. ‘జారిపడి’ అని ఉంటే మొదట చూపించిన మడికేరి ఆసుపత్రి నుంచి కేసు షీట్ నకలు తెప్పించుకోండి.

స్నేహితుడి సలహా మాట మళ్లీ ఎత్తకండి. మడికేరి ఆసుపత్రి కాగితం ఒక్కటి చాలు, ఆ కథ కూలిపోవడానికి. కోర్టులో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల వరకు జైలు ఉంటుంది. బైకు ఇచ్చినవాడూ ఇరుక్కుంటాడు, మీ నిజమైన కేసూ పోతుంది.

వినియోగదారుల ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీకు మిగిలింది నాలుగు నెలలే. ‘చూద్దాం సార్’ అని నిర్వాహకుడు పెట్టే మెసేజ్‌లతో గడువు పెరగదు. నోటీసు పంపినా పెరగదు. ఆలస్యానికి తగిన కారణం ఉంటే మన్నించే వీలు చట్టంలో ఉంది గానీ, ‘ఆయన ఇస్తాడేమోనని ఆగాం’ అన్నది కారణంగా నిలవడం కష్టం.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మీ ఫారం నకలు, ఆ బండి రిపేరు రికార్డు ఇవ్వమని, ఖర్చు కట్టమని అడగండి. పదిహేను రోజులు చూసి, అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోటే వేయవచ్చు, మడికేరి తిరగక్కర్లేదు. సేవకు కట్టింది ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. ఫిర్యాదులో మీ భార్య పేరు మొదట ఉండాలి, డబ్బు కట్టినవారిగా మీ పేరు ఆ తర్వాత. ఫోన్‌పే స్టేట్‌మెంట్‌లో డబ్బు ఎవరి పేరున జమైందో చూసి, ఆ వ్యక్తిని కూడా ప్రతివాదిగా చేర్చండి. బోర్డు మీద ఒక పేరు, ఖాతాలో ఇంకో పేరు ఉండడం ఈ వ్యాపారంలో మామూలే.