బట్టీకి లొంగని స్ట్రక్చర్లు

ఫార్మసీ చదువుల మీద పాఠకుల ప్రశ్నలకు ఔషధ రసాయన శాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలి జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఇంటర్ బైపీసీ చదివి బి.ఫార్మసీలో చేరాను. ఇప్పుడు నాలుగో సెమిస్టర్. మెడిసినల్ కెమిస్ట్రీ మొదటి సెషనల్‌లో 30కి 9 మార్కులు వచ్చాయి. గది గోడ నిండా మందుల స్ట్రక్చర్లు, అంటే అణు నిర్మాణాల బొమ్మలు, గీసి అంటించుకున్నాను. రాత్రి నేర్చుకున్నవి తెల్లారేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. పరీక్షలో అడ్రినలిన్‌కు బదులు ఐసోప్రినలిన్ గీసి వచ్చాను. గుర్తు పెట్టుకోవడానికి చిట్కా చెప్పగలరా? సిలబస్‌లో నక్షత్రం గుర్తున్న మందులు చదివితే చాలని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: చిట్కా లేదమ్మా. ఉంటే నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే అచ్చు వేయించి అమ్ముకునేదాన్ని. ముందు ఆ గోడ మీది కాగితాలు తీసెయ్యి. వరసగా అంటించిన యాభై బొమ్మల్లో ఏది ఎందుకు అలా ఉందో చెప్పే ఆధారం ఒక్కటీ ఉండదు. కలిసిపోక ఏమవుతాయి?

నక్షత్రాల సంగతి ముందు తేల్చేద్దాం. సాల్బుటమాల్, ప్రొప్రనలాల్, డయజిపామ్, ఫెనిటాయిన్, ఐబుప్రొఫెన్ లాంటి వాటికి ఆ గుర్తు ఉంటుంది. వాటి తయారీ, అంటే సింథసిస్, రాయడం రావాలని దాని అర్థం. మిగతావి వదిలెయ్యమని కాదు. నిర్మాణానికీ ప్రభావానికీ ఉన్న సంబంధం అడిగే పెద్ద ప్రశ్న ఉంటుంది చూడు, అక్కడ నక్షత్రాలు ఏమీ కాపాడవు.

నువ్వు తప్పిన చోటి నుంచే మొదలుపెడదాం. తెల్ల కాగితం మధ్యలో నారడ్రినలిన్ గియ్యి. ఒక బెంజీన్ వలయం, దాని మీద పక్కపక్కనే మూడో, నాలుగో స్థానాల్లో రెండు హైడ్రాక్సిల్‌లు, వలయం నుంచి రెండు కార్బన్ల గొలుసు, వలయానికి దగ్గరి కార్బన్ మీద మరో హైడ్రాక్సిల్, చివర అమైన్. ఇక ఈ కుటుంబంలో తక్కినవన్నీ దీని మీద చేసిన మార్పులే. ఆ అమైన్ నైట్రోజన్‌కు ఒక మిథైల్ తగిలిస్తే అడ్రినలిన్. మిథైల్ స్థానంలో ఐసోప్రొపైల్ పెడితే ఐసోప్రినలిన్. నైట్రోజన్ మీద ఉన్న గుంపు పెద్దదవుతున్నకొద్దీ ఆల్ఫా గ్రాహకాల (కణాల మీద మందు అతుక్కునే చోట్ల) మీద పని తగ్గి, బీటా గ్రాహకాల మీద పెరుగుతుంది. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే నీ సెషనల్ తప్పు మళ్ళీ జరగదు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. అసలు రుచి ఇక్కడి నుంచే. ఉబ్బసం రోగికి ఐసోప్రినలిన్ ఇస్తే శ్వాసనాళాలు విప్పుకునేవి, కానీ గుండె దడదడలాడేది. ఎందుకంటే అది గుండెలో ఎక్కువగా ఉండే బీటా1, శ్వాసనాళాల్లో ఉండే బీటా2 అనే భేదం చూడదు. పైగా దాని మూడో స్థానపు హైడ్రాక్సిల్‌కు శరీరంలోని కోమ్ట్ అనే ఎంజైమ్ మిథైల్ అంటించి త్వరగా పనికిరాకుండా చేస్తుంది. ఇంగ్లండ్‌లోని వేర్ పట్టణంలో అలెన్ అండ్ హాన్‌బరీస్ సంస్థలో డేవిడ్ జాక్ బృందం ఈ రెండు చిక్కుల మీదా పనిచేసింది. మూడో స్థానంలో హైడ్రాక్సిల్ తీసి హైడ్రాక్సీమిథైల్ పెట్టారు, కోమ్ట్‌కు పట్టు దొరకలేదు. నైట్రోజన్ మీద ఐసోప్రొపైల్ కన్నా పెద్దదైన టెర్షియరీ బ్యూటైల్ పెట్టారు, మందు బీటా2 వైపు మొగ్గింది. అదే సాల్బుటమాల్. 1969లో మార్కెట్లోకి వచ్చింది. మీ వీధిలో ఎవరో ఒకరి చేతిసంచిలో ఇప్పుడు కూడా ఆ ఇన్‌హేలర్ ఉండే ఉంటుంది.

ఇప్పుడు ఫినైల్‌ఎఫ్రిన్ నువ్వే గియ్యి. అడ్రినలిన్‌లో నాలుగో స్థానపు హైడ్రాక్సిల్ తీసెయ్యి, అంతే. అది ఆల్ఫా1 మీద పనిచేసి రక్తనాళాలను బిగిస్తుంది. ఒక్కొక్క మార్పు పక్కన బాణం వేసి, ఆ మార్పు ఎందుకు చేశారో ఒక ముక్క రాసుకో. కాగితం దాచేసి మళ్ళీ నారడ్రినలిన్ నుంచి గీసుకుంటూ రా. మర్చిపోయినా తిరిగి కట్టుకోగలవు. బట్టీలో ఆ సౌకర్యం ఉండదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు పాఠశాలలో వినే ఉంటావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యంలో ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పనిలోంచి అమినోప్టెరిన్ వచ్చింది. దీన్నీ ఫోలిక్ ఆమ్లాన్నీ పక్కపక్కన గీసి చూడు. రెండింటిలోనూ ఉన్న టెరిడిన్ అనే జంట వలయం నాలుగో స్థానంలో హైడ్రాక్సిల్ పోయి అమైన్ వచ్చింది. అంత చిన్న మార్పుతో విటమిన్ కాస్తా విటమిన్‌కు విరోధి అయింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. అమినోప్టెరిన్‌కు ఒక మిథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్. వచ్చే సెమిస్టర్‌లో నీకు ఎదురవుతుంది.

బైపీసీ వాళ్ళు పీకేఏ, లాగరిథమ్ అనగానే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఒక్క లెక్క చెయ్యి, భయం పోతుంది. పీకేఏ అంటే మందు సరిగ్గా సగం అయాన్లుగా ఉండే పీహెచ్. ఆస్పిరిన్ పీకేఏ 3.5. జీర్ణాశయంలో పీహెచ్ 1.5 అనుకుందాం. తేడా 2, అంటే అయనీకరణం చెందిన ఒక అణువుకు చెందనివి 100. రక్తంలో పీహెచ్ 7.4. తేడా 3.9, ఈసారి తిరగబడి అయాన్ల పక్షాన సుమారు 8000. అయాన్ కాని రూపమే కొవ్వు పొరలను సులువుగా దాటుతుంది. ప్రయోగశాలలో కొవ్వుకు బదులుగా ఆక్టనాల్ తీసుకుని, నీళ్ళు కలిపి సెపరేటింగ్ ఫన్నెల్ ఊపేది ఈ సంగతి కొలవడానికే. ఆ ఆక్టనాల్ వాసన చీరకు పడితే సాయంత్రం దాకా వదలదు, ఏప్రన్ బొత్తాలన్నీ పెట్టుకో. బెంజిల్‌తో ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందు చేసే రోజు మాత్రం మానకు. పసుపుపచ్చని బెంజిల్ యూరియా, క్షారాలతో చర్య జరిపి, ఆమ్లం పోయగానే తెల్లగా ఫెనిటాయిన్ దిగుతుంటే చూడాలి.

ప్రశ్న: నేను ఎంపీసీ విద్యార్థిని. స్ట్రక్చర్లు బాగానే వస్తాయి. కానీ ఒంట్లో మందు ఎలా మారుతుందో చెప్పే జీవక్రియ పాఠంలో మొదటి దశ, రెండో దశ అంటూ చర్యల జాబితా చూస్తే విసుగు. ఇది బయాలజీ కాదా?
– కె., హనుమకొండ

జవాబు: కాదు బాబూ, అది నీకు వచ్చిన ఆర్గానిక్ కెమిస్ట్రీయే. కాలేయంలో జరుగుతుంది, అంతే తేడా. హైడ్రాక్సిజిన్ అనే అలర్జీ మందు తీసుకో. వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. దాని గొలుసు చివర ఉన్న ఆల్కహాల్‌ను శరీరం కార్బాక్సిలిక్ ఆమ్లంగా ఆక్సీకరిస్తుంది. అలా వచ్చిందే సెటిరిజిన్. ఒకే అణువు మీద ధన, రుణ ఆవేశాలు రెండూ ఉండటంతో మెదడులోకి అంత తేలిగ్గా చొరబడలేదు, మత్తు తగ్గింది. జీవక్రియలో పుట్టిన పదార్థమే మరో మందుగా అమ్ముడవుతోంది. ఆ జాబితాలో ప్రతి చర్య పక్కనా ఇలాంటి మందు ఒకటి రాసుకో.

ప్రశ్న: మాకు మందుల షాపు ఉంది. మా అబ్బాయి బి.ఫార్మసీ పూర్తి చేసి షాపు చూసుకుంటాడు. కౌంటర్‌లో బ్రాండ్ల పేర్లు వస్తే సరిపోదా? ఈ వలయాలతో పనేమిటి?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: మీ కౌంటర్ దగ్గరకే వస్తానండీ. ఒకే చీటీ మీద సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలూ, కడుపు మంటకు అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఆంటాసిడ్ సీసా మీరు ఎన్నోసార్లు ఇచ్చి ఉంటారు. సిప్రోఫ్లాక్సాసిన్‌లో కీటో గుంపు, కార్బాక్సిలిక్ ఆమ్లం పక్కపక్కన ఉంటాయి. ఆ రెండూ కలిసి ఆంటాసిడ్‌లోని లోహ అయాన్‌ను బిగించి పట్టుకుంటాయి. రెండూ ఒకేసారి మింగితే మందులో చాలా భాగం ఒంటికి పట్టదు, ఇన్ఫెక్షన్ తగ్గదు, రోగి మీ షాపు మందు మంచిది కాదని ఊరంతా చెబుతాడు. మాత్ర వేసుకున్నాక కనీసం 2 గంటలు ఆగి ఆంటాసిడ్ తాగమని చెప్పాలి. డాక్సీసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్‌కూ ఇదే ఇబ్బంది, ఐరన్ మాత్రలతో కూడా. ఈ సాయంత్రం మీ అబ్బాయిని సిప్రోఫ్లాక్సాసిన్ గీసి ఆ రెండు గుంపులూ ఎక్కడున్నాయో చూపించమని అడగండి. చూపించలేకపోతే నాకు రాయమనండి.