డాక్టర్ సలహా: నెమలీక సంగతి సరే, ముక్కు సంగతి చూడండి

ప్రశ్న: మా పాపకు మూడేళ్ల పది నెలలు. పుస్తకంలో దాచిన నెమలీక పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూస్తుంది. ఐనవోలు జాతరలో కొన్న లైటు మంత్రదండం తిప్పుతూ, చనిపోయిన తాతను రమ్మని పిలుస్తుంది. వారం పైగా ఆ దండం వెలగడం లేదు. అడిగితే ‘మంత్రం నేనే దాచుకున్నా’ అంటోంది. పది రోజులుగా జలుబు కూడా ఉంది. కుడి ముక్కే కారుతోంది, కాస్త వాసన. మందుల షాపులో ఇచ్చిన సిరప్ వేస్తున్నాం. పాపకు మానసిక సమస్య ఏమైనా ఉందా? తాయెత్తు కట్టించమని మా అత్తమ్మ అంటున్నారు.
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, మీరు ‘కూడా’ అని రాసిన ఆ జలుబు దగ్గరే నేను ఆగిపోయాను. మామూలు జలుబుకు రెండు ముక్కులూ కారతాయి. ఒకవైపే, అదీ వాసనతో, ఇన్ని రోజులు కారుతుంటే ఈ వయసు పిల్లల్లో లోపల ఏదో ఇరుక్కుందేమోనని ముందు అనుమానిస్తాం. శనగ గింజ, చింతగింజ, బలపం ముక్క, పూస... ఏదైనా కావచ్చు. గింజలైతే తడికి ఉబ్బి మరింత బిగుసుకుంటాయి.

నా అసలు భయం గింజ గురించి కాదు. అలాంటి లైటు బొమ్మల్లో చాలావరకు గుండ్రటి చిన్న బటన్ బ్యాటరీలు ఉంటాయి. ముందు దండం మూత తీసి లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ఇది చదవడం ఆపి ఆసుపత్రికి బయలుదేరండి. తడి తగిలిన బ్యాటరీ చుట్టూ క్షారం పుట్టి లోపలి పొరను కాల్చేస్తుంది. గంటల్లోనే గాయం మొదలై, ముక్కు మధ్య గోడకు రంధ్రం పడే ప్రమాదం ఉంది. మింగిందనిపిస్తే కక్కించే ప్రయత్నం చేయకండి, 108కి ఫోన్ చేయండి. లెక్క సరిపోయినా సరే, రేపటిలోగా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది. పరీక్షించకుండా ఇదేనని నేను తేల్చలేను, మరో కారణమూ ఉండవచ్చు. ఈలోగా పిన్నీసు, చిమటా, నూనె, చుక్కల మందు ఏదీ ఆ ముక్కులోకి పోనివ్వకండి.

ఇక ఆ సిరప్. పేరు కూడా రాయలేదు మీరు! క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. అది కాక యాంటీబయాటిక్ అయితే ఇంకో చిక్కు. వాసన రెండు రోజులు తగ్గుతుంది, లోపలిది లోపలే ఉంటుంది. ఆ ఊరట చూసి ఇంకో సీసా తెస్తారు. అలా నెల గడిపి వచ్చినవాళ్లను చూశాను. షాపులో కూర్చున్నాయన పాప ముక్కులోకి టార్చి వేసి చూశాడా? వెంటనే ఆపేయండి, కానీ సీసా పారేయకండి. డాక్టరుకు చూపించాలి.

మీరు అడిగిన దానికి వస్తే, ఇది జబ్బు కాదు. సుమారు రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు ఇలాగే ఆలోచిస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే ఏనాడో వివరించాడు. తాము కోరుకుంటే జరుగుతుందని వాళ్ల నమ్మకం. నేనూ మూడో తరగతి వాచకంలో నెమలీక దాచి ఈతాకు మేత వేసినవాణ్ణే. తాత విషయంలో మాత్రం జాగ్రత్త. తన కోపం వల్లే పోయాడని పిల్లలు లోలోపల అనుకోవచ్చు. ‘నిద్రపోయాడు’ అనకండి, పడుకోవడానికే భయపడతారు. చనిపోయాడు, ఇక రాడు, నీ తప్పేమీ లేదు అని చెప్పండి. మాటలు, ఆటలు తగ్గినా, పిలిస్తే పలకకుండా శూన్యంలోకి చూస్తున్నా పిల్లల డాక్టరును కలవండి. ఎగురుతానంటుంటే మేడ మీదికి ఒంటరిగా పంపకండి. తాయెత్తు మీ ఇష్టం, మెడకు మాత్రం తాడు వద్దు.

పాపను ఇప్పుడే అడగండి, కోప్పడకుండా. ‘మంత్రం ఎక్కడ దాచావు, నాకూ చూపించవా’ అనండి. వేలు ముక్కు వైపు వెళ్తే, బ్యాటరీలు లెక్కపెడుతూ కూడా కూర్చోకండి.