అద్దె తక్కువ వచ్చే ఇల్లు: కొనే ముందు వేసుకోవలసిన లెక్క

అద్దెకిచ్చేందుకు కొనబోయే ఇంటికి వచ్చే అద్దె బ్యాంకు వాయిదాకు సరిపోతుంది కనుక ఇంటి అప్పు దానంతట అదే తీరిపోతుందని మీరు రాశారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారంతా ఇలాగే అనుకుంటారు. నేనూ అదే నమ్మకంతో మొదటి ఇల్లు కొన్నాను. ప్రకటనలో చూపిన అద్దె అప్పుడు ఇంట్లో ఉన్నవారు నిజంగా ఇస్తున్నది కాదనీ, రావచ్చునని ఏజెంటు వేసిన అంచనా మాత్రమేననీ రిజిస్ట్రేషన్ అయ్యాక అద్దె ఒప్పందం చదివితే గానీ తెలియలేదు. కొద్ది నెలలకే వారు ఖాళీ చేశారు. రంగులు వేయించి, నీళ్ల హీటరు మార్పించి, కొత్తవారిని కుదిర్చినందుకు ఏజెంటుకు ఒక నెల అద్దె ముట్టజెప్పేలోగా వాయిదాలన్నీ నా జీతంలోంచే పోయాయి. పైగా ఆస్తి పన్నును నేను కొన్న ధర మీద మళ్లీ లెక్కగట్టడంతో, అమ్మినవారు కడుతూ వచ్చిన దానికంటే ఎక్కువే కట్టవలసి వచ్చింది.

అందుకని ముందు ఈ లెక్క వేసుకోండి. ఇంటి ధర 100 అనుకుంటే ఏడాది అద్దె 5 వస్తుందనుకుందాం. పన్ను, బీమా, నివాసుల సంఘం రుసుము, మరమ్మతులు, ఖాళీగా ఉండే నెలలు అన్నీ కలిపి 2 పోతే మిగిలేది 3. ధర 100లో 80 అప్పు తెచ్చి, వడ్డీ 6 శాతమైతే, ఏడాదికి వడ్డీయే 4.8, అంటే 1.8 మీ చేతి నుంచి పడుతుంది, అసలు చెల్లింపు దానికి అదనం. ఇంటి ధరలో మిగులు శాతం (ఇక్కడ 3) కంటే వడ్డీ శాతం ఎక్కువగా ఉన్నప్పుడు అప్పు పెంచినకొద్దీ లోటు పెరుగుతుంది.

ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగవచ్చు, కానీ పెరిగిన ధరతో ఈ నెల వాయిదా కట్టలేరు. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉన్న మీవంటివారికి నా భయమంతా ఇదే: జీతం ఆగిన నెలలో ఇల్లు ఖాళీగా ఉంటే, ధర పెరిగేదాకా ఆగే అవకాశం ఉండదు, వచ్చిన ధరకు అమ్ముకోవాలి. కనీసం ఆరు నెలల ఖర్చులు విడిగా ఉంచనిదే నేను మరో ఇల్లు కొనలేదు. ఈనాడు నా ఇళ్లలో ఏదీ నా జీతం వైపు చూడదు. పన్ను మినహాయింపుల సంగతి అకౌంటెంటును అడిగితే చెబుతారు.

బయానా ఇచ్చే ముందు అద్దె ఒప్పందం, పన్ను రసీదులు, బీమా పత్రం, సంఘం సమావేశాల నమోదు పుస్తకం అడిగి తీసుకోండి. పైకప్పు మార్చాలన్న తీర్మానం ఉంటే ఆ పుస్తకంలోనే కనిపిస్తుంది, అందులో మీ వాటా ఎంతో కూడా.