శవం పక్కన జోకులేంటి అని అడిగిన చెల్లికి

నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. ఐర్లండ్‌లో గాల్వేలో నర్సువి, అక్కడబ్బాయినే చేసుకున్నావు, రెండు వారాల కింద మామగారు పోతే పెట్టె మూత తీసి ముందుగదిలో పెట్టి రెండు రాత్రులు టీలు శాండ్‌విచ్‌లు పంచుతూ ఆయన చేసిన తిక్క పనులన్నీ చెప్పుకుని పగలబడి నవ్వారు, మీ ఆయన కంట్లో చుక్క నీళ్ళు లేవు, పైగా మీ మరిది "కోడలి ఆవకాయే నాన్నని తీసుకెళ్ళింది" అంటే అందరూ ఘొల్లుమన్నారు, నువ్వు పెరట్లోకెళ్ళి ఏడ్చావు.

ముందు ఆవకాయ సంగతి. అక్కడ పరాయివాళ్ళతో చాలా మర్యాదగా ఉంటారు, చావింటికొస్తే చెయ్యి కలిపి "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని ఒక్క ముక్క అని పక్కకి తప్పుకుంటారు. స్లాగింగ్ అని వాళ్ళు చేసే వెక్కిరింత మాత్రం సొంత మనుషులకే. మీ మరిది ఆ మాట అన్నాడంటే ఆ ఇంటి లెక్కలో నిన్ను కలిపేసుకున్నాడన్నమాట.

ఆ రాత్రి జాగారాన్ని వేక్ అంటారని నీకు తెలిసే ఉంటుంది, పోయినవాళ్ళని ఒంటరిగా వదలకూడదని కూర్చుంటారు. 1845లో బంగాళదుంప పంటకి తెగులొచ్చి కరువు పడితే సుమారు పది లక్షల మంది పోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. అలా అమెరికా వెళ్ళేవాళ్ళకి బతికుండగానే వేక్ చేసేవాళ్ళు, మళ్ళీ కనపడరని తెలుసు కాబట్టి, రాత్రంతా పాటలు, డాన్సులు, తెల్లారాక ఏడుపు. (కరువు వల్లే వాళ్ళకి హాస్యం అబ్బింది అంటే మాత్రం నేను నమ్మను, కరువులు మనమూ చూశాం.) అయినా మనం మాత్రం పెద్దకర్మ భోజనాల్లో పోయినాయన పిసినారితనం తలుచుకుని నవ్వమా? వాళ్ళు పది రోజులు ముందే నవ్వారు, అంతే తేడా.

కానీ రెండో విషయం వేరు. పోయినేడు నీకు గర్భం పోయినప్పుడు మీ అత్తగారు "నీకు రాసున్నది నిన్ను దాటిపోదు" అంది, మీ ఆయన ఏదో జోకేసి టీవీ పెట్టాడు. మన అత్తలు "రాసిపెట్టుంటే అదే అవుతుంది" అంటారే, అచ్చం అదే, ఏ భాషలో అన్నా మండుతుంది. దీన్ని మాత్రం సంస్కృతి అని సర్దుకుపోవద్దు. ఎదురెదురు కూర్చోబెట్టి అడిగితే మళ్ళీ జోకే వస్తుంది, కార్లో వెళ్తున్నప్పుడు అడుగు, చూపు రోడ్డు మీద ఉంటే మగాళ్ళకి నోరు కాస్త తెరుచుకుంటుంది. "ఆ రోజు నాకు నవ్వు అక్కర్లేదు, నువ్వు పక్కన కూర్చుంటే చాలనిపించింది" అని చెప్పి ఊరుకో.

ఇంకోటి, మీ ఆయన్ని ఎలా ఉన్నావంటే "గ్రాండ్", అంటే బాగానే ఉన్నా అంటాడు, కాలు విరిగినా అదే మాట. ఆ మాట కాదు, నిద్ర, తాగుడు, తిండి చూడు, నర్సువి నీకు నేను చెప్పాలా. తేడాగా ఉంటే జీపీ, అదే మీ ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే సమారిటన్స్ అని మనసు బాధ వినే హెల్ప్‌లైన్ ఉంది, 116 123, ఫ్రీ నంబరే, నీక్కూడా పనికొస్తుంది.

నెల తిరిగాక మంత్స్ మైండ్ అని చర్చిలో పూజ చేయిస్తారు, మన మాసికం లాంటిదే. తర్వాత ఇంట్లో టీ ఉంటుంది కదా, అప్పుడు ఆవకాయ సీసా తీసుకెళ్ళి సరిగ్గా మీ మరిది ముందు పెట్టు, ఏం మాట్లాడకు.