క్రీడా సందేహాలు: రెండో రోజు సాయంత్రం దాటితేనే సంపాదన

ప్రశ్న: కావలి దగ్గర రొయ్యల చెరువులు సాగు చేస్తున్నాను. పద్నాలుగేళ్ల మా అబ్బాయి సెలవులకు చెన్నైలోని మేనమామ ఇంటికి వెళ్లి గోల్ఫ్ కర్ర పట్టి వచ్చాడు. అప్పటి నుంచి ప్రొఫెషనల్ గోల్ఫర్ అవుతానని పట్టుబడుతున్నాడు. ఆ వృత్తిలో ఉన్నవారు ఎలా బతుకుతారు? వారికి జీతం ఎవరిస్తారు?
(ఒక పాఠకుడు, కావలి)

జవాబు: జీతం సాధారణంగా ఎవరూ ఇవ్వరండీ. జట్టుకు ఆడే క్రికెటర్‌కు ప్రయాణం, బస ఎవరో ఒకరు చూసుకుంటారు. గోల్ఫర్ మాత్రం ప్రవేశ రుసుము, టికెట్లు, గది అద్దె, కర్రల సంచి మోసే క్యాడీకి వారం కూలి, అన్నీ తన చేతి నుంచే పెట్టుకొని బరిలోకి దిగుతాడు. పెద్ద టోర్నీ రోజుకు 18 హోల్స్ (బంతిని కొట్టి చేర్చవలసిన గుంటలు) చొప్పున నాలుగు రోజులు, మొత్తం 72 హోల్స్ సాగుతుంది. మొదటి రెండు రోజుల ఆట ముగిశాక ‘కట్’ అనే గీత గీస్తారు. మన దేశవాళీ టోర్నీల్లో సాధారణంగా మొదటి 50 స్థానాల వారిని, వారితో సమానంగా ఉన్నవారిని ఉంచి, మిగిలిన వారిని ఇంటికి పంపుతారు. అలా వెనుదిరిగిన వారికి ప్రైజ్ మనీలో రూపాయి కూడా రాదు, పెట్టిన ఖర్చు మాత్రం పెట్టినట్టే ఉంటుంది.

ఈ లెక్క మీకు కొత్త కాదు. చెరువులో పిల్లను వదిలింది మొదలు మేతకూ, ఏరేటర్ల కరెంటుకూ పోస్తూనే ఉంటారు, పట్టుబడి రోజున కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) తేలేదాకా చేతికి ఏమి వస్తుందో తెలియదు, మధ్యలో తెల్లమచ్చ తెగులు వస్తే అదీ లేదు. ఇంకొక పోలిక కూడా ఉంది. రొయ్యల్లో 100 కౌంటు కన్నా 30 కౌంటుకు ధర ఎక్కువ పలికినట్టే, గోల్ఫ్‌లో కూడా చిన్న అంకెదే గెలుపు, ఎందుకంటే తక్కువ దెబ్బల్లో 72 హోల్స్ ముగించినవాడే విజేత.

గెలిస్తే వచ్చేది కూడా చెప్పాలి. దేశవాళీ పోటీలను 2006లో ఏర్పడిన ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా నడుపుతోంది. మొత్తం ప్రైజ్ మనీ కోటి రూపాయలున్న టోర్నీలో విజేతకు సుమారు 15 లక్షలు అందుతాయి, కిందికి దిగేకొద్దీ వాటా వేగంగా పలచబడుతుంది. అమెరికా టూర్‌లో (టూర్ అంటే ఏడాది పొడవునా సాగే టోర్నీల వరుస) అంతరం మరీ ఎక్కువ. 2022 ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో మన అనిర్బన్ లాహిరి ఒక్క దెబ్బ తేడాతో రెండో స్థానంలో నిలిచి 21 లక్షల డాలర్లకు పైగా అందుకున్నాడు, మొదటి స్థానంలో నిలిచిన కామెరాన్ స్మిత్‌కు 36 లక్షల డాలర్లు దక్కాయి. ఆ ఒక్క దెబ్బ ఖరీదు 14 లక్షల డాలర్లు! అయితే ఇలాంటి వారాలు ఒక జీవితకాలంలో ఎన్ని వస్తాయన్నది వేరే సంగతి, కాబట్టి ఆ అంకెను చూసి నిర్ణయానికి రావద్దు.

అబ్బాయి విషయంలో నా సలహా ఒకటే, ప్రొఫెషనల్ అన్న మాటకు తొందరపడవద్దు. ఒకసారి ఆ హోదా తీసుకుంటే అమెచ్యూర్ (డబ్బు కోసం కాకుండా ఆడేవారి) పోటీలకు అర్హత పోతుంది. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ జరిపే జూనియర్, అమెచ్యూర్ టోర్నీల్లో నాలుగైదేళ్లు ఆడి, దేశంలోని తోటి పిల్లల మధ్య తన స్థానం ఎక్కడో తేలిన తరువాతే అర్హత పోటీ అయిన ‘క్యూ స్కూల్’ గురించి ఆలోచించాలి. అక్కడ నెగ్గినవారికే టూర్‌లో ఆడే కార్డు వస్తుంది, ఆ కార్డు కూడా ఏటా ఆట చూపించి నిలుపుకోవలసినదే. మీకు దగ్గరలో ఉన్న మంచి కోర్సుల్లో చెన్నై నందనంలోని కాస్మోపాలిటన్ క్లబ్‌ది ఒకటి, అయినా కావలి నుంచి అది 200 కిలోమీటర్లకు పైమాటే. వారానికి రెండుసార్లు అంత దూరం తిప్పడం చదువుతో సాధ్యమేనా అన్నది మీరు ఇంట్లో కూర్చొని తేల్చుకోవలసిన విషయం. బంతిని గుంటలోకి దొర్లించే చివరి దెబ్బ అయిన పుట్టింగ్ సాధనకు మాత్రం కోర్సు అక్కరలేదు, నున్నని నేల, ఓపిక ఉంటే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: గోల్ఫ్ కలిగినవారి ఆటే కదా, పేద ఇంటి నుంచి ఎవరైనా పైకి వచ్చారా?
(ఒక అధ్యాపకుడు, ఒంగోలు)

జవాబు: వచ్చారు, అదీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే కాదు. 1964లో మొదలైన ఇండియన్ ఓపెన్‌ను గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్, 1991లో. ఆయన ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా ఆట నేర్చుకున్నాడు. 2009లో అదే టైటిల్ గెలిచిన బెంగళూరు చిన్నస్వామి మునియప్ప కూడా సంచులు మోసినవాడే. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక సంరక్షకుడు. కొడుకు 2016, 2017 సంవత్సరాల్లో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచి, రియో ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. ఈ ముగ్గురికీ డబ్బు లేదు కానీ, గోల్ఫ్ కోర్సు గోడ పక్కనే ఉంది. పెద్దవాళ్ల ఆటను రోజూ చూసే వీలు, తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు నాలుగు బంతులు కొట్టుకునే వీలు వారికి దొరికాయి. మన జిల్లాల పిల్లలకు అడ్డు వచ్చేది పేదరికం కన్నా ఈ దూరమేనని నా అభిప్రాయం.

ప్రశ్న: టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్‌కు పతకం ఎంతలో తప్పింది? ఆడపిల్లలకు ఈ ఆటలో అవకాశాలు ఉన్నాయా?
(ఒక విద్యార్థిని, ఆత్మకూరు)

జవాబు: ఒక్క దెబ్బతో తప్పిందమ్మా. 2021 ఆగస్టులో జరిగిన ఆ పోటీలో నెల్లీ కోర్డా 267 దెబ్బలతో స్వర్ణం గెలిచింది. 268తో సమానంగా నిలిచిన ఇనామి, లిడియా కో ప్లేఆఫ్ ఆడి రజత, కాంస్యాలు పంచుకున్నారు. మూడో రోజు ముగిసేసరికి రెండో స్థానంలో ఉన్న అదితి 269తో నాలుగో స్థానానికి జారింది. అప్పటికి ప్రపంచ ర్యాంకుల్లో ఆమె 200వ స్థానంలో ఉంది. సంచి మోసింది కన్నతల్లి. బంతిని దూరం కొట్టడంలో తోటివారి కన్నా వెనుకబడినా, పుట్టింగ్‌తో అంతవరకు వచ్చింది కనుక, బలం చాలదని బెంగపడే ఆడపిల్లలు గమనించవలసిన ఆట అది. వినికిడి లోపం ఉన్న దీక్షా డాగర్ 2019లో దక్షిణాఫ్రికా మహిళల ఓపెన్ గెలిచింది. ఆమెది ఎడమచేతి వాటం.

ప్రశ్న: గోల్ఫర్ ఏ వయసు దాకా ఆడగలడు?
(ఒక పాఠకుడు, పొదిలి)

జవాబు: మిగతా ఆటల వారు అసూయపడేంత కాలం ఆడగలడు. ఫిల్ మికెల్సన్ 2021లో 50 ఏళ్ల వయసులో పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచాడు. టామ్ వాట్సన్ 2009 బ్రిటిష్ ఓపెన్‌లో 59 ఏళ్ల వయసులో ప్లేఆఫ్ దాకా వెళ్లి ఓడిపోయాడు. 50 దాటిన వారికి వేరే టూర్లే ఉన్నాయి. అయితే ఏళ్ల తరబడి నడుమును తిప్పి కొట్టే ఆట కనుక వెన్నునొప్పి చాలామందిని పట్టుకుంటుంది. వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగిన రెండేళ్లకు, 2019లో, టైగర్ వుడ్స్ మాస్టర్స్ గెలవడం అందుకే అంత పెద్ద వార్త అయింది.