చదివిన వాక్యం నడవడిలోకి వచ్చేదెలా?

ప్రశ్న: ప్రతి సంవత్సరం జనవరి 1న ఆదికాండము మొదలుపెట్టి, ఏడాదిలో బైబిలు మొత్తం చదవాలని తీర్మానించుకుంటాను. లేవీయకాండము దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతాను. క్రమంగా చదివిన రోజుల్లో కూడా, పనిలో పడ్డాక నా కోపంలోగానీ మాటతీరులోగానీ మార్పు ఉండడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్రొటెస్టెంటు సంఘాలు చదివే బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి, ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవక తప్పదు. ఆ లెక్కన నెల తిరగకముందే ఆదికాండములోని 50, నిర్గమకాండములోని 40 అధ్యాయాలు దాటి లేవీయకాండములోని బలుల విధుల్లోకి అడుగుపెడతారు. అక్కడ వేగం తగ్గినంత మాత్రాన మీ భక్తిలో లోపముందని అనుకోనక్కరలేదు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది: రెండు రోజులు వెనకబడినవారు మూడో రోజున వాక్యం కోసం కాక బాకీ తీర్చడం కోసం చదువుతారు. తప్పిన రోజులను వదిలేసి, ఈనాటి భాగాన్ని ఈనాడు చదవండి. ఉదయమా, రాత్రా అన్నది మీ వీలునుబట్టి నిర్ణయించుకోవచ్చు.

చిత్రమేమిటంటే, మీ రెండో సమస్యకు జవాబు మీరు ఆగిపోయిన పుస్తకంలోనే ఉంది. లేవీయకాండము 19వ అధ్యాయం తెరవండి. కూలివాని కూలిని మరునాటి వరకు అట్టిపెట్టుకోకూడదని, చెవిటివానిని తిట్టకూడదని, కొండెములు చెబుతూ తిరగకూడదని, తూనికలు న్యాయంగా ఉండాలని చెప్పేది ఆ అధ్యాయమే. యేసు రెండవ ముఖ్యమైన ఆజ్ఞగా ఎత్తి చూపిన పొరుగువాని ప్రేమ కూడా అక్కడ 18వ వచనంలోనే ఉంది. దానికి ముందున్న 17వ వచనం మీ కోపానికి నేరుగా సంబంధించినది: సహోదరుని మీద హృదయంలో పగ ఉంచుకోవద్దంటూనే, అతని తప్పును అతనికే చెప్పి గద్దించమంటుంది. మనం సాధారణంగా ఈ రెండూ తలకిందులు చేస్తాం. తప్పు చేసినవారి ఎదుట మౌనంగా ఉండి, ఆ కోపాన్ని ఏమీ ఎరుగని మరొకరి మీద చూపిస్తాం.

అందుచేత, చదవడం అయ్యాక "కోపం తగ్గించుకుంటాను" అని రాసుకోకండి. నిన్న మీరు ఎవరి మీద విసుక్కున్నారో వారి పేరు రాసి, ఈరోజు వారితో విడిగా ఏ మాట చెప్పబోతున్నారో దాని పక్కనే రాయండి. వాక్యాన్ని విని ఊరుకునేవాడు తనను తాను మోసపుచ్చుకుంటున్నాడని యాకోబు తన పత్రిక (లేఖ) మొదటి అధ్యాయంలో హెచ్చరించాడు. పేరు, పని లేని తీర్మానాల్లో ఆ మోసానికి చోటు ఎక్కువని నా అభిప్రాయం.

అన్వయించుకునే తొందరలో సందర్భాన్ని మాత్రం విడిచిపెట్టవద్దు. దేవుని ఉద్దేశాలు హానికరమైనవి కావు, సమాధానకరమైనవే అని చెప్పే, గోడల మీద తరచుగా కనిపించే యిర్మీయా 29:11 వాగ్దానం, బబులోనుకు చెరగా వెళ్లినవారికి రాసిన ఉత్తరంలోనిది. దాని ముందు వచనమే డెబ్బది సంవత్సరాలు గడవాలని చెబుతుంది. అంతకు పైన, ఇళ్లు కట్టుకొని, తోటలు నాటి, తమను చెరపట్టిన పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించమని ఉంది. ఆ ఒక్క వచనాన్నే తీసుకొని రేపటి ఉద్యోగానికి హామీగా భావించేవారు, శత్రువుల మధ్య ఓపికగా బ్రతకమన్న అసలు ఆజ్ఞను చూడకుండానే దాటిపోతారు.

ఈసారి ఆదికాండముతో కాక, 25 వచనాలే ఉన్న ఫిలేమోను పత్రికతో మొదలుపెట్టి, వారం రోజులు దాన్నే చదవండి. ఎవరు, ఎవరికి, ఎందుకు రాశారన్నది మొదటి రోజునే తెలుస్తుంది. మీ మాటతీరుకు పనికివచ్చే సంగతి బహుశా మూడో నాలుగో సారి కనబడుతుంది: దాసుడైన ఒనేసిమును ప్రియ సహోదరునిగా చేర్చుకోమని అతని యజమాని ఫిలేమోనును కోరుతున్న పౌలు, ఆజ్ఞాపించే ధైర్యం తనకున్నా ప్రేమనుబట్టి వేడుకుంటున్నానని 8, 9 వచనాల్లో అంటాడు, ఆపైన ఒనేసిము ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమంటాడు. మీ కింద పనిచేసేవారితో తరువాతిసారి మాట్లాడబోయే ముందు ఆ రెండు వచనాలను మరోసారి చదవండి.