సెకండ్ హ్యాండ్ బ్రెజా కోసం గొలుసు తాకట్టు పెట్టొద్దు

ఖమ్మం నుంచి ఒకాయన రాశారు. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58 వేలు, ఇద్దరు పిల్లలు. 2019 డీజిల్ విటారా బ్రెజా కారు 7.20 లక్షలకు బేరం కుదిరింది, 10 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. 5.20 లక్షలు లోను, వడ్డీ 14 శాతం, ఐదేళ్లు. మిగతా 2 లక్షలకు దాచుకున్న 1.40 లక్షలు మొత్తం తీసి, ఇంకో 60 వేలకు ఆవిడ గొలుసు తాకట్టు పెడతారట. తీసుకోమంటారా అని అడిగారు.

వద్దండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, అన్నిట్లోనూ ఒకటే పొరపాటు: కిస్తీ కట్టగలమా అనే చూస్తారు, కిస్తీ కట్టాక ఇంట్లో ఏం మిగులుతుందో చూడరు. మీరు రాసిన అంకెలే తీసుకుందాం. అద్దె 13 వేలు, స్కూలు ఫీజు నెలకు 6,500, ఇల్లు గడవడానికి 24 వేలు, అంటే 43,500. కిస్తీ దాదాపు 12,100. మిగిలేది 2,400, దాంతో బ్రెజా ట్యాంకు సగం నిండితే గొప్ప. ఇక గొలుసు మీద తెచ్చిన 60 వేలకు ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ కట్టి విడిపించుకోవాలి, లేదంటే తిరగరాయించాలి. దేనితో కడతారు? డౌన్ పేమెంట్ కోసం కూడా అప్పు చేయాల్సి వస్తోందంటే ఆ బండి కొనే స్తోమత ఇంకా రాలేదని అర్థం, ఇందులో మొహమాటం లేదు.

మీరు పంపిన టైరు ఫొటో చూశాను. పక్కన 2319 అని ఉంది, అంటే 2019లో 23వ వారంలో తయారైనది. బండితో పాటు వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయి, అరుగుదల తక్కువగా కనిపించినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, కొన్న వెంటనే మార్చాల్సిందే. నాలుగూ కలిపి 30 వేల దాకా అవుతుంది. బీమా 14 రోజుల్లో మీ పేరు మీదకు మార్చుకోవాలి, పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ప్రీమియం పెరుగుతుంది. ఇవేవీ మీ లెక్కలో లేవు.

అన్నిటికంటే నన్ను టెన్షన్ పెట్టింది ఆ 1.40 లక్షలు. అది కారు డబ్బు కాదు, మీ ఉద్యోగం పోతే పిల్లలకు అన్నం పెట్టే డబ్బు. అలాంటి అత్యవసరానికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి, అంటే మీకు 2.61 లక్షలు, ఉన్నది అందులో సగం చిల్లర. దాన్ని సున్నా చేసుకుని అప్పులోకి దిగితే, ఒక్క నెల జీతం ఆలస్యమైనా క్రెడిట్ కార్డో, లోన్ యాప్‌లో పడటమో తప్పదు, ఆ యాప్‌ల జోలికి మాత్రం చచ్చినా వెళ్లకండి.

వచ్చే నెల నుంచి కారు కొన్నట్టే అనుకుని నెలకు 14,500 పక్కన వేయండి. పది నెలలు ఆపకుండా వేయగలిగితే ఉన్నదానితో కలిపి 2.85 లక్షలవుతుంది, అత్యవసర నిధి పూర్తవుతుంది. వేయలేకపోతే కిస్తీ కూడా కట్టలేకపోయేవారని ముందే తెలిసిపోతుంది. ఆ తర్వాత డౌన్ పేమెంట్‌కు దాచండి. వానలో పిల్లల్ని బైక్ మీద తీసుకెళ్లలేకపోతున్నామన్నారు, ఆ బాధ నాకు అర్థమైంది, ఆ నాలుగు రోజులూ ఆటో మాట్లాడుకోండి. అంత తప్పనిసరైతే 3 లక్షల్లో పాత పెట్రోల్ చిన్న కారు చూడొచ్చు, అదీ నిధి నిండాకే.

అడ్వాన్సు 10 వేలు పోతుందని వెనకాడుతున్నారు. అడిగి చూడండి, సగం వెనక్కిచ్చినా తీసుకుని వచ్చేయండి.